బటన్ లోపల, కారు బయట

ముప్పై డాలర్ల రిమోట్‌ని కారు సన్ వైజర్‌కి తగిలించుకుని, ఇంటి ముందుకి రాగానే చెయ్యెత్తి ఓ నొక్కు నొక్కడం ఈమధ్య కొందరికి నామోషీ అయిపోయింది. నొక్కడంలో లేదు నామోషీ, ఆ రిమోట్ కనపడటంలో ఉంది. అది కారుతోపాటు పుట్టలేదట, తర్వాత తగిలించిందట, ఎక్కినవాళ్ళకి ఆ సంగతి తెలిసిపోతుందట. అందుకని పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి కారుని పట్టుకుని, దాని అద్దంలోకో వైజర్‌లోకో గరాజ్ తలుపు బటన్‌ని "కంపెనీ ఇచ్చినట్టే" ఎక్కించే యజ్ఞం మొదలుపెడతారు. అమెరికా శివారు కాలనీల్లో శనివారం పొద్దున కారు తలుపులన్నీ బార్లా తెరిచి, డ్రైవరు సీటు కింద తల దూర్చి, కాళ్ళు మాత్రం బయట పెట్టుకున్న మనిషి కనిపిస్తే కారు చెడిపోయిందని జాలిపడకండి. కారు నిక్షేపంగా ఉంది.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఈ బాధ ఓ పట్టాన అర్థం కాదు. అక్కడ రెండుసార్లు హారన్ కొడితే వాచ్‌మన్ వచ్చి గేటు తీస్తాడు. ఆ వాచ్‌మన్‌ని డాష్‌బోర్డులో ఇమిడ్చిపెట్టాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. అమెరికాలో వాచ్‌మన్ పని గరాజ్ కప్పుకి వేలాడే మోటారుది. పైకి లేచే గరాజ్ తలుపుని 1921లో సి.జి. జాన్సన్ అనే ఆయన చేశాడు, దాన్ని లేపే కరెంటు మోటారుని 1926లో తెచ్చాడు. దాంతో తలుపెత్తే శ్రమ తీరింది. తర్వాత రిమోట్లొచ్చి కారు దిగే శ్రమ కూడా తీరింది. ఇక మిగిలింది చెయ్యి చాపే శ్రమ ఒక్కటే. పోనీ అదన్నా తీరుతుందా అంటే, వైజర్ మీద రిమోట్‌కీ అద్దం కింద బటన్‌కీ మధ్య దూరం జానెడు. ఆ జానెడు కోసం రెండు వారాంతాలు, రెండు మూడొందల డాలర్లు.

ఈ యజ్ఞంలో దేవుడి పేరు హోమ్‌లింక్, కారులోనే ఇమిడిపోయి గరాజ్ తలుపు తీసే మూడు బటన్లు. మిషిగన్ రాష్ట్రం హాలండ్ ఊళ్ళో ప్రిన్స్ అనే కంపెనీలో పుట్టింది. 1996లో ఆ కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ చేతికి పోయింది. 2013లో, అదే చుట్టుపక్కల జీలండ్‌లో ఉండే జెంటెక్స్ అనే అద్దాల కంపెనీ హోమ్‌లింక్‌ని దాదాపు 70 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. మూడు బటన్ల కోసం అంత సొమ్మా అని నోరెళ్ళబెట్టకండి, వాళ్ళ లెక్క వాళ్ళకుంది. రాత్రిపూట వెనక కారు వెలుగు కళ్ళలో కొట్టకుండా తనంతట తానే మసకబారే అద్దాలు వాళ్ళ అసలు సరుకు. బటన్లు అందులోనే కలిపి అమ్ముకోవచ్చు. కొత్త కారు కొన్నవాడికి అది కారుతోనే వస్తే నాకు పేచీ లేదు. వాడు డబ్బిచ్చాడు, వాళ్ళు బటన్ ఇచ్చారు.

చిక్కంతా బేస్ మోడల్ కొన్నవాడితో. వాడికి బటన్ ఉండాల్సిన చోట కంపెనీ ఖాళీ ప్లాస్టిక్ బిళ్ళ బిగించి ఇస్తుంది. ఇక్కడొకటి ఉండేది, నువ్వు ఇంకో మూడువేల డాలర్లు పెట్టలేకపోయావు అని రోజూ గుర్తుచేయడం తప్ప ఆ బిళ్ళకి వేరే పని లేదు. పదిహేనేళ్ళు ఆ బిళ్ళ మొహం చూస్తూ ఆఫీసుకి వెళ్ళొచ్చిన మనిషికి లోపల ఏదో తెగుతుంది. ఈలోగా అప్పు తీరింది, పిల్లలు కాలేజీకొచ్చారు, ఇంట్లో కొత్త కారు కూడా వచ్చింది, అది ఆవిడది. ఆయన చేతిలో మిగిలింది ఆ పాత క్యామ్రీ. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, ఇక దానికి టాప్ మోడల్ వేషం కట్టించడం మొదలవుతుంది.

మా వీధిలో ఓ పెద్దమనిషి ముందు వైజర్ దారి పట్టాడు. జంక్‌యార్డ్‌కి వెళ్ళి, గుద్దుకుని నుజ్జయిన ఓ టాప్ మోడల్ కారులోంచి మూడు బటన్ల వైజర్ ఊడదీసుకొచ్చాడు. వస్తూ వస్తూ ఆ కారు ఎవరిదో, ఆ మనిషి బతికాడో లేదో కూడా కాస్త విచారించాడు కాబట్టి దయలేనివాడు అనలేం. ఇంటికొచ్చి బిగించి చూస్తే రంగు తేడా. కారు లోపలంతా బూడిద రంగు, వైజర్ మాత్రం గోధుమ రంగు. కంపెనీ ఇచ్చినట్టే ఉండాలన్నది కదా మొదటి షరతు, ఇప్పుడు కారెక్కిన ప్రతివాడి చూపూ సరిగ్గా అక్కడికే పోతోంది.

దాంతో అద్దం దారి. పాత అద్దం పీకేసి, బటన్లున్న జెంటెక్స్ అద్దం పెట్టడం. చెప్పుకోవడానికి నాలుగు ముక్కల పని. కానీ అద్దానికి కరెంటు కావాలి. తీగని ముందద్దం పై అంచున, కప్పుకి అతికించిన గుడ్డ కిందుగా నెట్టుకుంటూ పోయి, పక్క స్తంభం మీది ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి, దాని వెనకనుంచి ఫ్యూజ్ బాక్స్ దాకా దించాలి. ఆ తొడుగు వెనకే చాలా కార్లలో పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ ముడుచుకుని ఉంటుంది. తీగని దాని ముందునుంచి అడ్డంగా లాగితే, రేపు అది తెరుచుకోవాల్సిన క్షణంలో ఈ తీగ దానికి అడ్డు. ప్రాణం కాపాడే సంచీ ముందు తలుపు తీసే తీగ. బండి నడిపే మనిషికీ బండి దాచే తలుపుకీ మధ్య ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ ఎంచుకోలేరు. మావాడు వెనకనుంచే లాగాడు లెండి. కాకపోతే ఆ తొడుగు క్లిప్పులు రెండు విరిగాయి, ఇప్పుడు ఫ్రీవే మీద అరవై మైళ్ళు దాటితే అది టకటకా కొట్టుకుంటుంది.

అసలు క్రతువు ఇంకా మొదలవలేదు. బటన్‌కి మంత్రోపదేశం చేయాలి. అటు చివరా ఇటు చివరా ఉన్న రెండు బటన్లు ఓ ఇరవై సెకన్లు నొక్కిపట్టి పాత జ్ఞాపకాలు తుడిచేయాలి. తర్వాత పాత రిమోట్‌ని అద్దానికి రెండు మూడు అంగుళాల దూరంలో పట్టుకుని, ఇదీ అదీ కలిపి నొక్కాలి, దీపం మెల్లగా మిణకడం మాని గబగబా మిణికేదాకా. ఆపైన గరాజ్‌లో నిచ్చెన వేసుకుని ఎక్కి, కప్పు మోటారు వెనకున్న లెర్న్ బటన్ నొక్కి, ముప్పై సెకన్లలోపు నిచ్చెన దిగి, పరిగెత్తుకెళ్ళి కార్లో కూచుని మళ్ళీ నొక్కాలి. యాభై దాటిన మోకాళ్ళకి ముప్పై సెకన్లంటే ఎంతో ఆ రూల్ రాసినవాడికి తెలిసినట్టు లేదు. చాలామంది భార్యని నిచ్చెనెక్కిస్తారు. "నొక్కావా?" "నొక్కానండీ." "ఇప్పుడే నొక్కావా, ఇందాక నొక్కావా?" ఆ సంసారం జోలికి మనం వెళ్ళొద్దు.

ఇంత చేసినా తలుపు కదలకపోతే, అప్పుడు బయటపడుతుంది రంగుల రహస్యం. ఆ లెర్న్ బటన్ పసుపురంగులో ఉంటే, అది 2011 తర్వాత వచ్చిన సెక్యూరిటీ ప్లస్ 2.0 రకం మోటారు. ఒకే సంకేతాన్ని 310, 315, 390 మెగాహెర్ట్జ్‌ల మీద పంపే రిమోట్ దానిది, నొక్కినప్పుడల్లా కోడ్ మారుతుంది. జంక్‌యార్డ్‌లో దొరికే పాత హోమ్‌లింక్‌కి ఆ భాష రాదు. మరి మార్గం? గరాజ్‌లో ప్లగ్గుకి ఇంకో డబ్బా తగిలించాలి. అద్దం చెప్పింది విని, మోటారుకి అర్థమయ్యేలా మళ్ళీ చెప్పే దుబాసీ డబ్బా. ఒక రిమోట్ కళ్ళబడకుండా చేద్దామని బయల్దేరితే గోడమీద ఇంకో పెట్టె వెలిసింది.

వీళ్ళు చెప్పే కారణాలు కూడా వినండి. మొదటిది, బ్యాటరీ మార్చే బాధ ఉండదట. రిమోట్‌లో ఉండేది రూపాయి బిళ్ళంత బ్యాటరీ, రెండు మూడు డాలర్లు, ఏళ్ళ తరబడి వస్తుంది. సరే, ఉండదనే అనుకుందాం. కానీ చాలా మోటార్లకి హోమ్‌లింక్‌కి నేర్పాలంటే పాత రిమోటే గురువు. రేపు కారు బ్యాటరీ మార్చినా మోటారు మార్చినా ఏదైనా తేడా వచ్చి మళ్ళీ నేర్పాల్సి వస్తే ఎలా అని, ఆ రిమోట్‌ని పారేయకుండా సొరుగులో భద్రంగా దాస్తారు. అందులో బ్యాటరీ ఉందో లేదో ఆరు నెలలకోసారి చూసుకుంటారు.

రెండోది భద్రత. వైజర్‌కి తగిలించిన రిమోట్‌ని కారద్దం పగలగొట్టి దొంగ ఎత్తుకుపోతాడట. ఇందులో పాయింటు ఉంది, కాదనను. కానీ ఈ మాట చెప్పేవాళ్ళలోనే కొందరి ఇళ్ళలో పాత మోటారు ఇంకా డిప్ స్విచ్‌ల మీద, అంటే మారని కోడ్ మీద నడుస్తోంది. 2015లో శామీ కామ్‌కార్ అనే ఆయన, మాటెల్ వాళ్ళ ఆడపిల్లల మెసేజింగ్ బొమ్మ ఒకదాన్ని కాస్త మార్చి, అలాంటి తలుపుల్ని పది సెకన్లలోపే తెరవచ్చని చూపించాడు. దానికి మందు మోటారు మార్చడం. ఆ పని మీద ఎవరికీ మోజు లేదు, ఎందుకంటే మోటారు గరాజ్ కప్పుకుంటుంది, కారెక్కినవాళ్ళకి కనపడదు. పైపెచ్చు రిమోట్‌ని దిగేటప్పుడు జేబులో వేసుకుపోవచ్చు. అద్దాన్ని వేసుకుపోలేం.

ఇంతా చేసి ఆ తలుపు వెనకేముంది? లాస్ ఏంజెలిస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళని యూసీఎల్ఏ పరిశోధకులు గదిగదీ తిరిగి చూసి 2012లో పుస్తకం వేశారు. నాలుగు గరాజ్‌లలో మూడింట కారు పట్టే చోటు లేదని తేలింది, సామాన్లే. వాళ్ళు మన కాలనీలకి రాలేదు గానీ, వస్తే కొత్త అధ్యాయం రాసేవాళ్ళు. మా పెద్దమనిషి గరాజ్ తీసుకోండి. కుడిపక్క చేపల వేపుడు వాసన ఇంట్లో పట్టకుండా పెట్టిన రెండో స్టవ్వు, దాని పక్కన ఆవకాయ జాడీలకీ దోసెల పిండికీ రెండో ఫ్రిజ్. ఎడమపక్క ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు, ఇండియా వెళ్ళినప్పుడల్లా కొన్న సూట్‌కేసులు, బొమ్మల కొలువు అట్టపెట్టెలు, బట్టలారేసుకోవడానికి పనికొస్తున్న ట్రెడ్‌మిల్. మధ్యలో మిగిలిన దారిలో మనిషి పక్కకి తిరిగి నడవాలి. కారు ఎండలో డ్రైవ్‌వే మీద ఉంటుంది.

హోమ్‌లింక్ పని చేయడం మొదలెట్టిన రోజు సాయంత్రం ఆయన వీధిలో నలుగురినీ పిలిచాడు. కారుని వీధి కొసదాకా వెనక్కి తీసుకెళ్ళి, మెల్లగా నడుపుకుంటూ వచ్చి, చూపుడువేలితో అద్దం కింద నొక్కాడు. తలుపు లేచింది. అందరం చప్పట్లు కొట్టాం. మళ్ళీ నొక్కాడు. తలుపు కాస్త దిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, తిరిగి పైకి పోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అంతే. "లెర్నింగ్ సరిగ్గా అవలేదన్నా, మళ్ళీ చేయాలి," అని నిచ్చెన కోసం లోపలికి పరిగెత్తాడు. తలుపు కింద ఎవరైనా ఉంటే ఆగిపోవాలని 1993 నుంచి తయారయ్యే మోటార్లన్నిటికీ అమెరికా చట్టం రక్షణ పెట్టింది. నేలకి జానెడులోపు ఎత్తులో రెండు పక్కలా బిగించే కంటి సెన్సర్లు అందుకోసమే. ఎడమవైపు కంటికి బియ్యం బస్తా అడ్డొచ్చింది. వాళ్ళావిడ కాలితో బస్తాని కాస్త జరిపింది. తలుపు మూసుకుంది.

కారు లోపల పెట్టడం లేదు కాబట్టి, నడిచి లోపలికి వెళ్ళే మనిషికి తలుపు పక్క గోడమీద నాలుగంకెల కీప్యాడ్ ఉంటే సరిపోతుంది కదా, నలభై యాభై డాలర్లలో వస్తుంది, కారు పీక్కోనక్కర్లేదు అన్నాను ఉండబట్టలేక. ఆయన కాసేపు ఆలోచించాడు. 1980 నుంచీ ఫోర్డ్ వాళ్ళు కొన్ని కార్ల తలుపులకి అలాంటి అంకెల బటన్లే ఇస్తున్నారు కదా, జంక్‌యార్డ్‌లో ఆ తలుపొకటి దొరికితే తన క్యామ్రీకి పడుతుందా అని అడిగాడు.