తొంభై తొమ్మిదో నంబరు సారు

మా ఆఫీసులో ముప్పై మందికి ఒకటే ప్రింటరు. ఎవరి కాగితం ముందు రావాలన్న తగవు తీరుద్దామని మొన్నామధ్య ప్రింట్ సర్వరు పెట్టించారు. అందరి కాగితాలూ నేతగాడి కండె మీద దారంలా ముందు దాని డిస్కులో చేరతాయి, అక్కణ్నించి ఒక్కొక్కటే ప్రింటరుకు వెళ్తాయి. దాన్నే స్పూలింగ్ అంటారట.

విండోస్‌లో ప్రయారిటీ 1 నుంచి 99 దాకా ఉంటుంది. సిస్టమ్స్ కుర్రాడు ఆ ఒక్క యంత్రాన్నే రెండు పేర్లతో ఎక్కించి, ఆఫీసర్లకు 99, స్టాఫుకు 50 ఇచ్చాడు. కొడుకు ఎంసెట్ ర్యాంకు అడగనివాళ్లకు కూడా చెప్పే మా సూపరింటెండెంటు గారికి ఇది తలకొట్టేసినట్టయింది. "యాభయ్యేంటయ్యా, నాకు ఒకటి వెయ్యి!" అన్నారు. కుర్రాడు చెప్పబోయాడు. "చెప్పింది చెయ్యి" అన్నారు. చేశాడు. ఆ పెట్టెలో 99 అంటే అందరికన్నా ముందు, 1 అంటే అందరికన్నా వెనక. సారు కాగితం మూడు రోజులు కదల్లేదు. అటెండరు కొట్టిన పెళ్లిపత్రిక నమూనా కూడా దాన్ని దాటుకుని పోయింది.

సంగతి తెలిశాక సారుకు 99 వేశారు. ఆయనకు వేశారని అకౌంట్సు వాళ్లూ, వాళ్లకు వేశారని టపా సెక్షనూ పట్టుబట్టాయి. ఇప్పుడు అందరూ 99 వాళ్లే. అంటే మళ్లీ ముందొచ్చినవాడిదే ముందు. పైగా మొదలైన ప్రింటును 99 కూడా మధ్యలో ఆపలేదు, దాని వంతు దాకా నిలబడాల్సిందే. ఆఫీసు మొత్తంలో ఈ మాత్రం వెన్నెముక ఉన్నది ఆ పెట్టెకే.

చివరి పేజీ కూడా డిస్కుకు చేరాకే ప్రింటు మొదలుపెట్టు అనే సెట్టింగొకటి ఉంది. పై సారుకు తొందరెక్కువ కనుక "వెంటనే మొదలుపెట్టు" అన్నదానికి మార్పించారు. ఆయన పాత కంప్యూటరు రెండొందల పేజీల నివేదికను పేజీకో ఊపిరి తీసుకుంటూ పంపుతుంటే, బ్యాంకు కౌంటరు దగ్గరే నిలబడి చలానా నింపేవాడి వెనక జనంలా మేమందరం నిలబడ్డాం. ఇంకోసారి ఒకరి ఫైలు లెటర్ సైజు, ట్రేలో ఉన్నది ఏ4, వెనకవన్నీ ఆగిపోయాయి. అలా సరిపడనివాటిని పక్కన పెట్టి మిగతావి కానిచ్చే టిక్కు కూడా ఉందట, ఎవరూ పెట్టలేదు.

పెట్టిన టిక్కు ఒక్కటే: "ప్రింటయినవాటినీ దాచు". ఆడిట్ భయం. దాచీ దాచీ డిస్కు నిండింది, స్పూలరు చేతులెత్తేసింది. కుర్రాడు సర్వీసు ఆపి, స్పూల్ ఫోల్డరంతా ఊడ్చేసి, మళ్లీ లేపాడు. నా సెలవు చీటీ ఆ చెత్తలోనే పోయింది.

సెలవు వాడుకుని వచ్చి వారమైంది. నిన్న తెల్లకాగితం మీద చేత్తో రాసి ఇచ్చాను. రెండు నిమిషాలు పట్టింది.