బీమా కట్టకండి, బిల్లు రాయండి

వరద నీళ్లు తీసిన మర్నాడు పొద్దున్నే బకెట్టూ చీపురూ పట్టుకోకండి. బురద వాసనకి కడుపులో తిప్పేస్తుంది, ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు, నాకు తెలుసు. అయినా ఓ గంట ఆగండి. ముందు ప్రతి గదికీ నాలుగు వైపులా ఫొటోలు తీయండి. గోడ మీద నీటి గీత పక్కన స్విచ్‌బోర్డో, కిటికీ చువ్వో కనబడాలి. ఎంత ఎత్తు మునిగిందో అప్పుడే తెలుస్తుంది.

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో ఓ సందు చివర, గ్రౌండ్ ఫ్లోరు. 2024 సెప్టెంబరు 1న వచ్చిన బుడమేరు వాగు నీళ్లు హాల్లో స్విచ్‌బోర్డుకి జానెడు పైన గీత పెట్టి పోయాయి. మేడ మీద వాళ్లింట్లో తలదాచుకుని, దిగి వచ్చేసరికి ఫ్రిజ్ వంటగది గుమ్మానికి అడ్డంగా వెల్లకిలా పడి ఉంది. బియ్యం డబ్బా మూత తీస్తే లోపల పులిసిపోయిన ముద్ద. మా ఆవిడ కుట్టుమిషను చక్రాన్ని చేత్తో తిప్పి చూసింది. కదల్లేదు. తొందరపడి అన్నీ బయట పారేసి, ఇల్లంతా కడిగేశాం. తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినమ్మాయి ఫోన్ పట్టుకుని "ఏమేం పోయాయండీ?" అంటే చూపించడానికి ఏమీ మిగల్లేదు. అందుకే ముందు ఫొటో, ఆ తర్వాతే చీపురు అంటున్నాను.

ఇక అసలు విషయం. "సొంతిల్లు ఉన్నవాడివి, నీకు ప్రభుత్వం ఇవ్వడమేంటి?" అని చుట్టాలే అంటారు. తలదించుకోకండి. ఆ నీళ్లు మన నెత్తిన పడ్డ వాన నీళ్లు కావు. వెలగలేరు దగ్గర బుడమేరును కృష్ణలోకి మళ్లించే కాలువ 15,000 క్యూసెక్కులకు కట్టింది. అంతకు రెట్టింపు పైన వరద వచ్చింది. గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఆ గట్టు నాది కాదు, మీదీ కాదు. దాన్ని వెడల్పు చేయడం, బలపరచడం మన చేతుల్లో ఉన్న పని కాదు. ఎవరి గట్టు తెగిందో వాళ్లే పక్కవాళ్ల నష్టం కట్టాలి. పొలాల దగ్గర ఎప్పటినుంచో ఉన్న న్యాయమే ఇది.

"ఏటి దారిలో ఇల్లు కట్టుకుంటే మునగదా?" అని ఇంకో మాట. స్థలం రిజిస్ట్రేషన్ చేసింది ఎవరు? స్టాంపు డ్యూటీ తీసుకుంది ఎవరు? ప్లాను లేని ఇళ్లకు బీపీఎస్ కింద జరిమానా కట్టించుకుని సక్రమం చేసింది ఎవరు? కరెంటు మీటరు, కుళాయి కనెక్షన్ ఇచ్చింది ఎవరు? ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఆ మాట అన్నవాళ్లకి ఫైలు తెరిచి చూపించండి.

నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఇంకొకటుంది. 2021 నుంచి మన ఆంధ్ర పట్టణాల్లో ఆస్తి పన్ను ఇంటి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఇల్లు ఖరీదు పెరిగితే పన్నూ పెరుగుతుంది. మునిగినప్పుడు మాత్రం విలువ మాటే లేదు, అంతస్తు చూశారు: కింద ఉన్నవాళ్లకి 25,000, పైన ఉన్నవాళ్లకి 10,000. ఇదైనా నయమే. అప్పటి కేంద్రం విపత్తు నిధి లెక్కలో కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో కుటుంబానికి 10,000. మా ఇంట్లో వైరింగ్ మార్చడానికే అంతకు మించి అయింది. విలువ చూసి పన్ను తీసుకునేవాళ్లు, విలువ చూసే పరిహారం ఇవ్వాలి. గట్టిగా అడగండి.

ఇప్పుడు అందరూ నన్ను తిట్టే సలహా. ఇంటికి బీమా కట్టకండి. తెలియక చెప్పడం లేదు. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష పాలసీ ఉంది, వరదకీ తుఫానుకీ భూకంపానికీ వర్తిస్తుంది. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలకు మించకుండా, సామానుకీ వస్తుంది. అయినా వద్దంటాను. ఇప్పటికే పన్ను కట్టి కాపాడమని అడిగినదానికే ప్రీమియం రూపంలో రెండోసారి కట్టినట్టు అవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి. మా బావమరిదికి పాలసీ ఉంది, డబ్బు వచ్చింది, సంతోషం. గట్టు పని అడుగుతూ మేం రాసిన అర్జీ మీద మాత్రం సంతకం పెట్టలేదు. "నాకు వచ్చేసింది కదా బావా" అన్నాడు. కాస్త చదువుకున్నవాళ్లం, ఆఫీసుకెళ్లి మాట్లాడగలిగినవాళ్లం అందరం పాలసీలు తీసుకుని ఇంట్లో కూర్చుంటే, మా పక్కన వాంబే కాలనీలో రోజు కూలీ చేసుకునేవాడి గోడు వినేదెవరు? బ్యాంకు లోనుతో పాలసీ ముందే ఉన్నవాళ్లు ఆ డబ్బు నిరభ్యంతరంగా తీసుకోండి. మిగిలిన నష్టానికి మాత్రం బిల్లు రాయండి.

బిల్లు తెల్లకాగితం మీద చాలు. వస్తువు, కొన్న ఏడాది, కొన్న ధర, బాగుచేయించిన ఖర్చు. ఒక్క రూపాయి ఎక్కువ రాయకండి, ఒక్క రూపాయి వదలకండి. మా ఆవిడ బియ్యం కూడా రాయించింది, 26 కేజీలు. మూడు కాపీలు తీసి ఒకటి వార్డు సచివాలయంలో, ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి, మూడోదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.

అద్దెకున్నవాళ్లకి వచ్చిన పాతికవేలలో వాటా అడగకండి. మంచం, గ్యాసు పొయ్యి, పిల్లల పుస్తకాలు వాళ్లవి. గోడలు, తలుపులు, వైరింగ్ మనవి, మన బిల్లు వేరే. పంట మునిగిన రైతుకి ఇన్‌పుట్ సబ్సిడీ ఇవ్వడం న్యాయమని అందరం ఒప్పుకుంటాం. ఇల్లు మునిగినవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయం మారకూడదు. అనంతపురంలో కరువొస్తే మన పన్ను అక్కడికి వెళ్తుంది, వెళ్లాలి. అలాగే ఇక్కడ మునిగితే ఇక్కడికీ రావాలి.

సున్నం వేయించేటప్పుడు నీటి గీతను పూర్తిగా కప్పేయకండి. మా హాల్లో బెత్తెడు వెడల్పున దాన్ని అలాగే వదిలేశాను. కింద పెన్సిలుతో తేదీ రాశాను. మొన్న ఆస్తి పన్ను నోటీసు ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు దాన్ని చూసి, "ఇక్కడిదాకా వచ్చాయా అండీ?" అన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాం. పన్ను కట్టేశాను. బిల్లు నాలుగో కాపీ ఒకటి తీసి అతని చేతిలో పెట్టాను.