మానిటర్ దొరవారి సముఖానికి బహిరంగ లేఖ

విషయం: ‘సిగ్నల్ లేదు’ అనే ఏకవాక్య తీర్పుపై పునర్విచారణ కోరుతూ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గృహస్థుల దరఖాస్తు.

బల్ల మీద గడీ కట్టుకుని ఇంటిల్లిపాదినీ తనవైపే చూస్తూ కూర్చోబెట్టుకున్న దొరవారికి దరఖాస్తుదారులు విన్నవించుకునేది ఏమనగా, దొరవారు ఉన్నట్టుండి మొగం నల్లబరుచుకుని ‘సిగ్నల్ లేదు’ అని ఒక్క మాట సెలవిచ్చి ఊరుకోవడం వల్ల, తప్పెవరిదో తేలకముందే కొత్త మానిటర్‌కు డబ్బులు వెతుక్కోవలసి వస్తోంది. చావుకబురులా వినిపించే ఆ మాట నిజానికి ఆరోగ్య ధ్రువపత్రం. తెరకు కరెంటు అందుతున్నదనీ, అక్షరాలు చూపే శక్తి దానికి ఇంకా ఉన్నదనీ ఆ మాటే రుజువు చేస్తుంది. అందువల్ల విచారణ మొదట కేబుల్ రెండు కొసల బిగువు మీద, పిమ్మట ఇన్‌పుట్ మీద, అంటే వెనుకనున్న రంధ్రాలలో దేని నుంచి బొమ్మ తీసుకోవాలో నిర్ణయించే అమరిక మీద, ఆఖరున కంప్యూటర్ మీద జరగాలి.

దొరవారి అంచున ఉండే చిన్న దీపం కూడా వెలగనప్పుడు సంగతి వేరు, అది కరెంటు వ్యవహారం. సిరిసిల్లకు వినియోగదారుల సొంత సహకార సంస్థ ‘సెస్’, జగిత్యాల, కోరుట్లలకు ఉత్తర తెలంగాణ డిస్కం కరెంటు సరఫరా చేస్తున్నా, ఇంటి సాకెట్‌కు చేరవలసింది మూడు ఊళ్లలోనూ 230 వోల్టులే. దుబాయి నుంచి సెలవుకు వచ్చినవారు తెచ్చిన మానిటర్ ఇక్కడి కరెంటుకు తట్టుకోదన్న అనుమానం కూడా చాలావరకు నిరాధారమే, ఎందుకంటే నేటి మానిటర్లలో ఎక్కువ భాగం 100 నుంచి 240 వోల్టుల దాకా భరించగలవు. అసలు చిక్కు చదునైన మూడు పిన్నుల ప్లగ్గుది. అది ఇక్కడి గుండ్రటి రంధ్రాలలో పట్టదు గనుక మధ్యలో ప్లగ్గు అడాప్టర్ పెడతారు, అది వదులుగా ఉంటే తెర మిణుకుమిణుకుమంటుంది.

తెర మీద పైనుంచి కిందికి పడే గీత సంగతి మరమగ్గాలెరిగిన సిరిసిల్లవారికి వేరే చెప్పనక్కరలేదు. సాధారణ ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు కలిసే చోట్ల 20,73,600 పిక్సెళ్లు, అంటే బొమ్మను కట్టే అతిచిన్న చుక్కలు ఉంటాయి. వాటికి ఆజ్ఞలు మోసే సన్నని తీగలు పడుగు పేకల్లా అల్లుకుని ఉంటాయి. మరమగ్గం మీద పడుగు పోగు తెగితే గుడ్డ పొడవునా గీత పడినట్టే, నిలువు తీగకు అంచు దగ్గరి అతుకు ఊడితే తెర నిలువునా గీత పడుతుంది. అయితే కేబుల్ లోపం కూడా గీతలను పుట్టించగలదు గనుక సాక్ష్యంగా మెనూ బటన్ నొక్కి చూడాలి. అప్పుడు కనిపించే పట్టిక కంప్యూటర్ పంపేది కాదు, దొరవారి సొంత కొలువులోనే తయారవుతుంది; గీత ఆ పట్టిక మీదుగా కూడా పోతే తప్పు మానిటర్‌దనీ, పట్టిక శుభ్రంగా ఉండి వెనుక బొమ్మే చెడితే తప్పు కేబుల్‌దో కంప్యూటర్‌దో అనీ తేలిపోతుంది.

పాత వీజీఏ కేబుల్‌లో 1, 2, 3 పిన్నులు వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను మోస్తాయి గనుక, మూడో పిన్ను వంగినప్పుడు తెల్ల పేజీ పసుపు పచ్చగా కనిపిస్తుంది. పచ్చకామెర్లు చూసేవారికి కాక కేబుల్‌కు వచ్చాయన్నమాట. చిన్న దీపం వెలుగుతూ తెర మాత్రం చీకటైతే టార్చ్‌ను ఏటవాలుగా వేసి చూడాలి. బొమ్మ లీలగా కనిపిస్తే బ్యాక్‌లైట్, అంటే స్వయంగా వెలగలేని ఎల్‌సీడీ పొరకు వెనుక నుంచి వెలుగిచ్చే దీపాల వరుస, ఆరిపోయిందని గ్రహించాలి. అంతవరకే ఇంటివారి అధికారం. 230 వోల్టుల కరెంటు శిఖర విలువ సుమారు 325 వోల్టులు, ప్లగ్గు పీకేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్, అంటే విద్యుత్తును నిల్వ ఉంచే భాగం, ఆ వోల్టేజీని కొంతసేపు దాచుకోగలదు గనుక, మూత విప్పడం మెకానిక్ పని.

కావున, ఇకమీదట తీర్పుతో పాటు తప్పు కేబుల్‌దో, ఇన్‌పుట్‌దో, కంప్యూటర్‌దో కూడా సెలవివ్వవలసిందిగా ప్రార్థన. సెలవివ్వకున్నా ఫరవాలేదు, 1978లో జైత్రయాత్ర తీసి గడీల దొరలనే నిలదీసిన జగిత్యాల గడ్డకు బల్లమీది దొరను విచారించడం కొత్త విద్య కాదు.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ పక్కనపెట్టి టార్చ్ చేతబట్టిన
మూడు ఊళ్ల గృహస్థులు