పాస్‌వర్డుగారి ఊరేగింపు

మూడు నెలలకోసారి డేటాబేస్ పాస్‌వర్డు మార్చి తీరాలని సర్క్యులర్. మార్చారా లేదా అని టిక్కు పెట్టుకోవడానికి ఆడిటర్. ఎలా మార్చారని అడిగే నాథుడు మాత్రం లేడు. అడిగితే మన డీబీఏగారి ఘనకార్యం బయటపడదూ!

ఆయన పోస్ట్‌గ్రెస్‌లో 'ఆల్టర్ యూజర్' అని కొట్టి, కొత్త పాస్‌వర్డును కొటేషన్ల మధ్య పచ్చిగా రాసి, ఎంటర్ నొక్కి, టీకి వెళ్తారు. ఆ తర్వాత మొదలవుతుంది ఊరేగింపు. మొదటి మజిలీ ఆయన సిస్టమ్‌లోనే, పీఎస్‌క్యూఎల్ హిస్టరీ ఫైల్లో. కనెక్షన్‌కు టీఎల్‌ఎస్ లేకపోతే దారిపొడవునా దర్శనమే. చివరికి సర్వర్ లాగ్‌లో శాశ్వత నివాసం. పాత్రల మార్పులన్నీ లాగ్‌లో పడాల్సిందేనని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? ఆ ఆడిటర్‌గారే, భద్రత కోసం! పోనీ, ఆ సెట్టింగు లేదనుకుందాం. కంగారులో ఒక్క అక్షరం తప్పు కొడితే చాలు, తప్పిన కమాండును పొల్లు పోకుండా లాగ్‌లో రాసుకోవడం పోస్ట్‌గ్రెస్‌కు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక ఆ లాగ్ బ్యాకప్‌లకెక్కి ఎన్ని ఊళ్లు తిరుగుతుందో!

ఇది చిన్నవాళ్ల జబ్బే అనుకోకండి. 2018లో ట్విట్టర్ అంతటిది, పాస్‌వర్డులు సొంత లాగ్‌లో పచ్చిగా పడ్డాయని ఒప్పుకుని, 33 కోట్ల మందిని మార్చుకోమంది.

మందు లేదా అంటే, చేతికందే దూరంలోనే ఉంది. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ పెట్టి 'పాస్‌వర్డ్' అని కొడితే, తెరమీద కనపడకుండా రెండుసార్లు అడుగుతుంది. స్క్రామ్ పద్ధతిలో ఉప్పు కలిపి, మామూలుగా 4096 సార్లు నూరి, ఆ పిండినే సర్వర్‌కు పంపుతుంది. అసలు సరుకు గడప దాటదు. ప్రోగ్రాములు రాసేవాళ్లూ సాకులు చెప్పకుండా, 2024లో వచ్చిన 17వ వెర్షన్ ఇదే పనికి లైబ్రరీలో ఒక ఫంక్షన్ పెట్టింది. ఇంకా ఎండీ5నే పట్టుకు వేలాడేవారికి మాత్రం ఈ మందు సగమే పనిచేస్తుంది. అక్కడ హ్యాష్ దొరికినవాడికి పాస్‌వర్డుతో పనే లేదు.

ఇంత చెప్పినా సెక్యూరిటీ కమిటీకి ఒక అభ్యంతరం ఉంది: 'నూరి పంపితే పాస్‌వర్డు గట్టిదో కాదో సర్వర్‌కెలా తెలుస్తుంది?' నిజమే, తెలియదు. ఆ పరీక్షేదో నూరే చోటే పెట్టుకోవచ్చు కదా అంటే వినరు. పెద్దక్షరం, అంకె, ఆశ్చర్యార్థకం, అన్నీ ఉన్నాయా అని సర్వరే కళ్లారా చూడాలట. చూసింది లాగ్‌లో రాసుకుంటుందన్న ముక్క మాత్రం మినిట్స్‌కెక్కలేదు.