చేతి వాచి పద్యం: టీకా తాత్పర్యం

చేతి వాచి చూసి చెమటలో పరుగెత్తు
గుండె లెక్క చదువు గుండె మరచి
కాలు వద్దటన్న కదలుట మానడు
చార్జి దిగిన నాడె చతికిలబడు

అవతారిక: ఇది చాటువు. కర్త తెలియదు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డెక్కినవాళ్ల వెనకాల రొప్పుతూ వచ్చినవాడై ఉండాలి. ముందున్నవాడికి పద్యం చెప్పే తీరిక ఎక్కడిది?

ప్రతిపదార్థం: చేతి వాచి = ఉపగ్రహముల మాట వినునట్టి గడియారమును; చూసి = అడుగడుగునకు చూచి; గుండె లెక్క = నిమిషమునకెన్ని కొట్టుకొనెనను సంఖ్యను; గుండె మరచి = తన ఆయాసమును పట్టించుకొనక; కాలు వద్దటన్న = పిక్క పట్టేసినను; చార్జి దిగిన నాడె = బ్యాటరీ అయిపోయిన దినముననే; చతికిలబడు = కూలబడును.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: 'గుండె లెక్క' అన్నచోట శ్లేష ఉంది. మణికట్టు వాచీ గుండెను వినదు. చర్మం మీద పచ్చని వెలుగు వేసి, లోపలి రక్తం హెచ్చుతగ్గుల్ని బట్టి లెక్క కడుతుంది. పట్టీ వదులైతే ఒక్కోసారి అడుగుల లయనే నాడి అనుకుంటుంది. 170 అని చూపితే అది గుండెదో కాళ్లదో! కనుక కాళ్ల లెక్క అనే అర్థాంతరమూ సాధువే. ఇక 220లోంచి వయసు తీసేస్తే వచ్చే గరిష్ఠ నాడి సగటు మాత్రమే. మనిషిని బట్టి పది అటూ ఇటూ ఉండడం మామూలు.

'గుండె మరచి': స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఆయాసానికి 6 నుంచి 20 దాకా అంకెలిచ్చాడు. ఎంత కష్టంగా ఉందో పరుగెత్తేవాడే చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న యువకుడైతే ఆ అంకెను పదితో హెచ్చవేస్తే ఇంచుమించు నాడి వస్తుంది. అంటే మూలం ఒంట్లో ఉంది, వాచీ దానికి టీక. టీక చదివి మూలం వదిలేసేవాళ్లు సాహిత్యంలోనూ లేకపోలేదు.

పూర్వపక్షం: "1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను అబెబె బికిలా వట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు కదా, యంత్రమెందుకు?" అంటారు. నిలవదు. ఆయనకు ఓన్ని నిస్కానెన్ అనే గురువున్నాడు. మనకు వాచీయే గురువు. అదీగాక, పావో నూర్మి స్టాప్‌వాచ్ చేతబట్టుకునే పరుగెత్తేవాడు. 1924 పారిస్ ఒలింపిక్స్ 5000 మీటర్లలో చివరికొచ్చేసరికి దాన్ని గడ్డిలోకి విసిరేశాడు. మన నాయకుడికి చేతకానిది ఈ విసరడమే. వాచీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు చూస్తే తప్పుపట్టలేం.

'చతికిలబడు': అలసటవల్ల అని కొందరు వ్యాఖ్యాతలు. తప్పు. ఓపిక ఉంది, నమోదు లేదు. నమోదు కాని పరుగును స్నేహితులు మెచ్చుకోరు. చార్జి ఉన్ననాడు కథ వేరు. ఇంటికొచ్చేసరికి వాచీ 9.87 కిలోమీటర్లు చూపితే, అపార్టుమెంటు గేటు ముందు వాచ్‌మన్ చూస్తుండగా అటూ ఇటూ తిరిగి 10 చేస్తాడు. ఆలంకారికులు దీన్నే సమస్యాపూరణం అన్నారు.