పిడుగుకీ బిచ్చానికీ ఒకటే నడక

నిద్ర పట్టడం లేదా? నది ఒడ్డున ఒంటరిగా నడవండి. ప్రమోషన్ రాలేదా? నడవండి. పెళ్లి కుదరలేదా, కుదిరిన పెళ్లి నిలవలేదా? నడవండి. పిడుగుకీ బిచ్చానికీ ఒకటే మంత్రమని పెద్దలు ఎవర్ని చూసి అన్నారో గానీ, సాయంత్రం పూట రాజమండ్రి గోదావరి గట్టు మీద నిలబడితే వాళ్ల వారసులు వరసగా కనిపిస్తారు. చేసే పని పేరు 'సోలో నేచర్ వాక్'. ఉత్త వాకింగయితే షుగరున్నవాళ్లు చేసేది, నామోషీ. ఇది ప్రకృతితో మమేకమై తనను తాను వెతుక్కునే నడకట.

ఆ ఏకాంతం ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూసి తీరాలి. కుర్రాడు ఫోనును స్టాండుకి బిగించి, గట్టు మీద సర్ది, కెమెరాకి వీపు పెట్టి ముప్పై అడుగులు వేస్తాడు. ఏదో లోతుగా తట్టినట్టు ఆగి, ఆర్చి బ్రిడ్జి వైపు చూస్తాడు. ఆ వెంటనే ఫోనెవరైనా ఎత్తుకుపోతారేమోనని పరుగున వెనక్కొస్తాడు. చూసుకుంటే మధ్యలో గేదె అడ్డొచ్చింది. మళ్లీ ముప్పై అడుగులు. ఈ లెక్కన ఒంటరి నడకలో ప్రతి గజమూ మూడుసార్లు నడవాలి: వీడియో కోసం ఓసారి, ఫోను కోసం ఓసారి, నిజంగా ముందుకు పోవడానికి ఇంకోసారి. చేతి గడియారం మాత్రం అన్నీ కలిపేసి శభాష్ అంటుంది. (ఆ పదివేల అడుగుల మొక్కు ఏ వైద్యుడూ మొక్కమన్నది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు కొలిచే యంత్రాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది.) ఇక ఆ చెవుల్లో ఏమిటంటారా? మనసు నిమ్మళించే నదీ ప్రవాహ ధ్వని. రికార్డు చేసింది. ఎదురుగా గోదావరి ఊరికే పోతోంది.

ఇంతవరకూ ఎవరి సరదా వాళ్లది. నాకు ఒళ్లు మండేది వాన దగ్గర.

ఈ నడకలన్నింటికీ పతాక సన్నివేశం ఒకటే: అంతలో హఠాత్తుగా ఆకాశం నల్లబడిందట! వైశాఖంలో, గోదావరి ఒడ్డున, సాయంత్రం నాలుగింటికి హఠాత్తేమిటి? పొద్దుటి నుంచి నేల కాగుతుంది. సముద్రం మీంచి వచ్చిన తేమ ఆ వేడికి పైకి లేస్తుంది. పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు మబ్బు వాయవ్యం మూల గోడ కట్టినట్టు నిలబడుతుంది. ముందు గాలి స్తంభిస్తుంది, ఆకు కదలదు, ఒకటే ఉక్క. ఆ తర్వాత చల్లటి ఈదురుగాలి ఇసుక తెచ్చి మొహాన కొడుతుంది. ఎక్కడో వాన కురుస్తున్న మబ్బులోంచి కిందికి దూకి నేల మీద పరుచుకున్న గాలి అది. వానకంటే ముందే కబురు తెస్తుంది. ఆ పాటికి జాలరి వల లాగేశాడు. లంకల్లో కూలికెళ్లిన ఆడవాళ్లు రేవు దాటేశారు. మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి మరీ చెప్పాడు: "ఆయ్, ఎనక్కెళ్లిపోండి బాబూ, కొట్టేత్తాదండి!" చెవుల్లో రికార్డు నది మంచి జోరు మీదుంది, వినపడలేదు.

పోనీ చదువుకున్నవాడు, ఫోనన్నా చూడొచ్చు కదా. పిడుగుల ముప్పు చెప్పడానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ 'దామిని' యాప్ చేసి పెట్టింది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలం పేరుతో సహా హెచ్చరిస్తుంది. కానీ ప్రకృతిలోకి అడుగు పెట్టేముందు నోటిఫికేషన్లు కట్టేయడం వ్రతనియమం. కెమెరాకి ఆ నియమం లేదు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లకీ ఒక కిలోమీటరు దూరం. ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పక్కా ఇంట్లో దూరాలి, ఆఖరి ఉరుము తర్వాత ఇంకో అరగంట కదలకూడదు. మన ఏకాంతవాసి గట్టు మొత్తమ్మీద పొడుగైన రావిచెట్టును వెతుక్కుని దాని కిందికి చేరాడు. పిడుగు ఎంపిక కూడా సాధారణంగా అలాగే ఉంటుంది. అక్కడే ఇంకో వీడియో: ప్రకృతి తనను ప్రేమగా తడిపి, కడిగి, కొత్త మనిషిని చేసిందని.

ప్రేమా! దేశంలో ఏటా పిడుగులు పడి 2,000 మందికి పైగా చచ్చిపోతున్నారు. ఎక్కువమంది పొలం పనుల్లో ఉన్నవాళ్లు, పశువులు కాసేవాళ్లు. వాళ్లూ ఆకాశం కిందే ఉన్నారు, నడక వాళ్లకూ తక్కువేం కాదు. మబ్బు చూడటం రాకా కాదు. పని మధ్యలో వదిలేసి వస్తే ఆ పూట కూలి పోతుంది. 2018 మే 15న ఇదే గోదావరి మీద, ఎగువన మంటూరు దగ్గర, ఈదురుగాలికి లాంచీ మునిగింది. అందులో ఎక్కువమంది మన్యం ఊళ్ల గిరిజనులు. తమను తాము వెతుక్కోవడానికి ఎక్కినవాళ్లు కాదు. వాళ్ల ప్రయాణానికి ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు.

మన ఏకాంతవాసి క్షేమమే లెండి. గట్టు పక్క రోడ్డు మీద మొదట్నుంచీ ఓ కారు అతని వెనకే మెల్లగా వస్తోంది. వాన అందుకోగానే డ్రైవరు ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని చెట్టు కిందికి పరిగెత్తాడు.

"అబ్బా, ఫ్రేములోకి రాకయ్యా!" అని అరిచాడు ఏకాంతవాసి.