సిలబస్‌లో లేని గేదె

ఆర్టీఏ ఆఫీసు ఎదురుగా, జిరాక్సు షాపుకీ టీ బండికీ మధ్య ఈ వారం వెలిసిన ఫ్లెక్సీ ఫొటో మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. ‘అర్థం చేసుకోనక్కర్లేదు, గుర్తుపెట్టుకుంటే చాలు! ఎల్‌ఎల్‌ఆర్‌లో 20కి 20 గ్యారంటీ!’ ఈ లెర్నర్ లైసెన్సు పరీక్ష పాసవడానికి 12 చాలు. అయినా మనది ర్యాంకుల జాతి, 20కి తగ్గితే పరువు తక్కువ. మా పై పోర్షన్ అబ్బాయి ఆ ఫ్లెక్సీ కిందే బిట్ బ్యాంకు జిరాక్సు కొనుక్కుని, క్యూలో నిలబడి బట్టీపట్టి, మూడు నిమిషాల్లో 20కి 20 కొట్టుకొచ్చాడు. మర్నాడు పొద్దున మా గేటును గుద్దాడు.

ముందు కోపమొచ్చిన మాట నిజం. తీరిగ్గా ఆలోచిస్తే తప్పు కుర్రాడిది కాదనిపించింది. వాడు బాగానే ప్రిపేరయ్యాడు. మా గేటే మోడల్ పేపర్లో లేదు.

అసలు దోషి రోడ్డు. పుస్తకంలో ఎదురుగా బండి వస్తే కింద ఎ, బి, సి అని మర్యాదగా ఇస్తారు. బయట రాంగ్ రూట్లో వచ్చే ఇసుక ట్రాక్టరు ఆప్షన్లు ఇవ్వదు, లైట్లు కూడా ఇవ్వదు. కనక రోడ్లను తక్షణం సిలబస్‌కు అనుగుణంగా మార్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. లారీల వెనక ‘సౌండ్ హారన్’ చెరిపేసి ఆప్షన్లు రాయించాలి. రోడ్డు దాటే ప్రతి గేదె మెడలో గంట తీసేసి ‘వెరీ ఇంపార్టెంట్, రెండుసార్లు అడిగారు’ అన్న పలక కట్టాలి. పలక లేని గేదె అవుట్ ఆఫ్ సిలబస్. దాన్ని గుద్దినవాడికి గ్రేస్ మార్కు కలపాలి. (గేదెకు ఏం కలపాలో కమిటీ తేలుస్తుంది.) స్పీడ్ బ్రేకర్ల విషయంలోనూ ఇంతే. పుస్తకంలో ఎర్ర త్రికోణంలో ముచ్చటైన బొమ్మ ఉంటుంది. మా వీధిలో బ్రేకరుంది, త్రికోణం లేదు. ప్రశ్న ఇవ్వకుండా జవాబు రాబట్టడం ఇంటర్ బోర్డు కూడా చేయని అన్యాయం.

ఇక ఛాయిస్. నూటికి 60 వస్తే పాస్ అంటే 20లో 8 తప్పినా పర్వాలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ సదుపాయం రోడ్డు మీద ఎందుకుండదు? ఎర్రలైటు, జీబ్రా గీతలు, వన్‌వే, వెనకొచ్చే అంబులెన్సు... ఎనిమిదింటిని ఛాయిస్‌లో వదిలేస్తాం. హైదరాబాదులో ఈ సంస్కరణను ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా జనమే అమలు చేసేసుకున్నారనుకోండి.

ట్రాక్ టెస్టుకి బైకుతో 8 వెయ్యాలి, కారుతో హెచ్ వెయ్యాలి. ఖాళీ ప్లాట్లలో కుర్రాళ్లు వారాల తరబడి ఎనిమిదులు దిద్దుతున్నారు. ఇంత శ్రమ వృథా కాకూడదు. నాగోలు నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డును 8 ఆకారంలో తిరగేసి వేస్తే సరి.

ఈ డిమాండ్లకు బలం చేకూరుద్దామని ఆ అబ్బాయి దగ్గర జిరాక్సు తీసుకుని తిరగేశాను. కాపలా లేని రైల్వే గేటు వస్తే ఏం చేయాలి? సి: బండి ఆపి, దిగి, పట్టాల దాకా నడిచి, రెండువైపులా రైలు రావడం లేదని చూసుకున్నాకే దాటాలి. పక్కన పెన్నుతో చిట్కా రాసి ఉంది: ‘అన్నిట్లోకీ పొడుగాటి ఆప్షనే కరెక్టు.’

2014 జులై 24, మెదక్ జిల్లా మాసాయిపేట. కాపలా లేని గేటు, బడి బస్సు, దాన్ని గుద్దిన నాందేడ్ ప్యాసింజరు. పట్టాల పక్కన పడి ఉన్న పుస్తకాల సంచులు మీకు గుర్తున్నాయా? పట్టాల దాకా నడిచి చూడమని మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ 1988లోనే చెప్పింది. ఎందుకు చెప్పింది? ఇంజను హోరులో సీట్లో కూర్చున్నవాడికి రైలు వినపడదు. పొదల చాటున కనపడదు. రైలు బ్రేకేసినా అక్కడికక్కడ ఆగలేదు. ఈ మూడు మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. అవి చెప్పకుండా పొడుగాటి ఆప్షన్ నొక్కమని నేర్పుతారా? 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుందని, కాలు బ్రేకు మీదికి చేరేలోపే ఆ దూరం అయిపోతుందని ఒక్క పిల్లాడికైనా చెప్పి పంపారా? 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారు. హెల్మెట్ పెట్టుకోక పోయినవాళ్లే 50,029 మందని కేంద్ర రవాణా శాఖ లెక్క. హెల్మెట్ బిట్టు రాయలేనివాడు ఈ దేశంలో ఎవడైనా ఉన్నాడా? పిల్లల చావుల్ని ఎ, బి, సిలు చేసి జిరాక్సు తీసి అమ్ముతున్నారు. కంప్యూటరు మార్కులు వేస్తోంది, ఆఫీసు కార్డిస్తోంది. పిల్లాడికి బైకు ముందు కొనిచ్చి, తర్వాత ఆ ఫ్లెక్సీ కిందికి తోలుతున్న మనకైనా సిగ్గుండొద్దా?

సాయంత్రం ఆ అబ్బాయి బండి తీస్తుంటే అడిగాను. “గేటు దగ్గర దిగి చూడమన్నారు కదరా, ఎందుకంటావ్?”

“అది పాత బిట్టంకుల్. 2019లోనే పెద్ద లైన్ల మీద అలాంటి గేట్లన్నీ తీసేశారంట. వదిలెయ్యమన్నారు” అని కిక్కు కొట్టాడు. హెల్మెట్ అద్దానికి వేలాడుతూ సందు మలుపు దాకా కనిపించింది.